చీకటి ఆకాశంలో ఆకుపచ్చ గీత

ప్రశ్న: సార్, అంటార్కిటికాలో చలికాలమంతా చీకటేనట. అక్కడ ఇరవై కిలోమీటర్ల ఎత్తున ఉండే మేఘాలను లేజర్‌తో చూస్తారని మా బాబు చదివాడు. ఎలా చూస్తారు? ఎందుకు చూస్తారు?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: అమ్మా, మిర్యాలగూడ దగ్గర మాది పెంకుటిల్లు. పెంకు సందులోంచి ఎండ గీతలా పడేది. అమ్మ చాటతో బియ్యం చెరిగితే ఆ గీతలో తవుడు దుమ్ము మెరిసేది, చాట ఆపితే మెల్లగా మాయమయ్యేది. లైడార్ అనే లేజర్ పరికరం చేసే పని అదే. ఆకుపచ్చ లేజర్‌ను సెకనుకు పది, ఇరవై సార్లు పైకి కొడతారు. కణాలకు తగిలి వెనక్కొచ్చిన కాస్త వెలుగును టెలిస్కోపు పడుతుంది. ఇరవై కిలోమీటర్లు వెళ్లి రావడానికి సెకనులో 7,500వ వంతు చాలు. పట్టిన సమయాన్ని బట్టి ఎత్తు తెలుస్తుంది. చీకటైతే ఇంకా మంచిది, సూర్యకాంతి అడ్డు రాదు. కింద దట్టంగా మబ్బు పడితే మాత్రం ఆ రోజు పని లేనట్టే.

నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఇంకోటుంది. జొన్నగింజను ఎటు తిప్పినా గుండ్రమే, నూక అలా కాదు. లేజర్ తరంగాలు ఒకే దిశలో ఊగుతాయి. గుండ్రటి బొట్టుకు తగిలి వస్తే ఆ దిశ మారదు, స్ఫటికానికి తగిలితే కొంత మారుతుంది. అంత ఎత్తున ఉన్నది ద్రవమా, స్ఫటికమా అన్నది నేల మీద నిలబడే చెప్పేస్తారు!

ఎందుకంటారా? అక్కడ చలి సుమారు మైనస్ 78 డిగ్రీలకు దిగితే నైట్రిక్ ఆమ్లం, నీరు కలిసి మేఘాలవుతాయి. పాత ఫ్రిజ్‌ల వాయువుల నుంచి వచ్చిన క్లోరిన్ మామూలుగా వేరే పదార్థాల్లో బందీగా ఉంటుంది. ఈ కణాల మీద అది విడుదలవుతుంది. చలికాలం చివర ఎండ రాగానే ఓజోన్‌ను తినేస్తుంది. అక్కడ ఓజోన్ తగ్గుతోందని హాలీ అనే పరిశోధన కేంద్రంలో కొలిచిన బ్రిటిష్ శాస్త్రవేత్తలు 1985లో ప్రకటించారు. కంటికి కనిపించనిది కొలిస్తేనే తెలుస్తుందని నల్లగొండ వాళ్లకు వేరే చెప్పాలా? బిందెలో నీళ్లు తేటగానే ఉండేవి, పరీక్ష చేయిస్తేనే కదా ఫ్లోరైడ్ బయటపడింది!

తిరుపతి దగ్గర గాదంకిలోనూ లైడార్ ఉంది, బాబుకు చెప్పండి. ఇంట్లో లేజర్ లైటుతో మాత్రం ఆడనివ్వకండి, కళ్లకు ప్రమాదం. చీకటి గదిలో టార్చి వేసి, దాని ముందు చాటెడు బియ్యం చెరిగి చూపించండి.