అప్ అండ్ డౌన్

అమ్మాయీ,

కథ అందింది, రెండుసార్లు చదివాను. తెనాలి నుంచి రోజూ విజయవాడ వెళ్లొచ్చే ఆ గుమాస్తాని నాలుగు చోట్ల ‘కమ్యూటర్’ అన్నావు. దానికి తెలుగు మాట ఏమిటని ఉత్తరం చివర అడిగావు. చెబుతాను గానీ, ముందు ఆ ఇంగ్లీషు మాట పుట్టుక విను.

అది ప్రయాణంలో పుట్టలేదు, టికెట్ కౌంటర్ దగ్గర పుట్టింది. లాటిన్‌లో ‘కమ్యుటారే’ అంటే మార్చడం, ఒకదానికి బదులు ఇంకొకటి తీసుకోవడం. 1840ల నాటికి అమెరికాలో న్యూయార్క్ లాంటి నగరాల చుట్టూ రైళ్లు తిరుగుతున్నాయి. ఇల్లు ఊరి బయట, పని ఊళ్లో. రోజూ పూర్తి చార్జీ పెట్టుకుని ఎవరు తిరగగలరు? అందుకని రైలు కంపెనీలు విడివిడి చార్జీలకు బదులు ఒకేసారి తక్కువ మొత్తం కట్టించుకుని ‘కమ్యుటేషన్ టికెట్’ ఇచ్చాయి. అది జేబులో ఉన్నవాడే కమ్యూటర్. మన లెక్కలో సీజన్ టికెట్ మనిషి! రోజూ పనికి తిరగడం అనే అర్థం తర్వాత అంటుకున్నదే.

ఈ మాటకి చుట్టాలు మన దగ్గరా ఉన్నారు. ఉరిశిక్షని యావజ్జీవంగా మార్చడాన్నీ ఇంగ్లీషులో ‘కమ్యూట్’ చేయడమనే అంటారు. రిటైరైన మాస్టార్లని కదిలించి చూడు. పెన్షన్లో కొంత వదులుకుని ఒకేసారి డబ్బు తీసుకోవడం వాళ్లకి ‘కమ్యుటేషన్’. మా ఇంటి మేడ గది లేచింది ఆ డబ్బుతోనే.

మరి నీ గుమాస్తా దేనికి బదులు ఏమిచ్చుకుంటున్నాడు? తెనాలిలో అద్దె తక్కువ, అందుకు రోజుకి రెండు గంటలు రైలుకి రాసిచ్చాడు. ఇంత సంగతిని ఒక్క వాక్యంలో తేల్చేసి, ప్లాట్‌ఫాం మీద సూర్యోదయానికి పేజీన్నర ఇచ్చావు. ఆ సూర్యోదయం కొట్టెయ్.

ఇక తెలుగు మాట. నిఘంటువు వెతికి ‘నిత్య ప్రయాణికుడు’ అని దిద్దకు. పేపర్లో పర్వాలేదు గానీ, పెట్టెలో కూర్చున్న మనిషి తనని తాను అలా అనుకోడు. ‘అప్ అండ్ డౌన్ చేస్తున్నానండీ’ అంటాడు. రెండూ ఇంగ్లీషు మాటలే, కానీ ఆ వాడుక మనదే. అతని భార్య పక్కింటావిడతో, ‘అక్కడే ఇల్లు తీసుకుందామంటే వినరు వదినా, అప్ అండ్ డౌనే నయమంటారు’ అంటుంది చూడు, అక్కడ మొదలుపెట్టు.

తిరగరాసి పంపు. జేబులో ఉన్న సీజన్ టికెట్ ఏ తేదీకి అయిపోతుందో ఈసారి అతనికి తెలిసి ఉండాలి.