టార్పెడోలన్నీ ఓడ వెనకాలే పోతున్నాయంటే

మీ విశాఖ బృందం 1890ల నౌకాయుద్ధ ఆటలో చిన్న టార్పెడో పడవతో 700 మీటర్ల నుంచి, పట్టపగలు, నేరుగా ఓడ మధ్యకే గురిపెట్టి వదిలితే ఒక్కటీ తగలలేదన్నారు. తగలదండి, ఆట లెక్క సరిగ్గానే ఉంది.

అప్పటి వైట్‌హెడ్ రకం టార్పెడో (నీళ్లలో తనంతట తానే పోయి పేలే ఆయుధం) వేగం 27 నాట్లు అనుకోండి, అంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. 300 మీటర్లు పోవడానికే 22 సెకన్లు. ఈలోగా 12 నాట్ల ఓడ 130 మీటర్లకు పైగా ముందుకెళ్లిపోతుంది. అడ్డంగా పోయే ఓడకైతే 12ని 27తో భాగించండి: 0.44. అది సైన్ విలువ, కోణం 26 డిగ్రీలు. అంత ముందుకు గురిపెట్టాలి.

అసలు చిక్కు వేగం అంచనాలో ఉంది. 3 నాట్లు తప్పితే 300 మీటర్ల దగ్గర 37 మీటర్ల తేడా. వంద మీటర్ల ఓడ మధ్యకు గురిపెడితే అటూ ఇటూ 50 మీటర్లుంటాయి కాబట్టి ఇంకా తగులుతుంది. అదే 700 దగ్గర తేడా 87 మీటర్లు, తప్పిపోయినట్టే. కాబట్టి దగ్గరికి వెళ్లాల్సిందే.

పగలు వెళ్తే ఓడ మీది చిన్న ఫిరంగులు బతకనివ్వవు. రాత్రి వెళ్లండి, వేగం తగ్గించి. పూర్తి వేగంలో పొగగొట్టం నిప్పురవ్వలు పడవను పట్టిస్తాయి. 1891లో చిలీ యుద్ధనౌక బ్లాంకో ఎన్‌కలాడా టార్పెడో తగిలి మునిగింది లంగరు వేసి ఉండగానే. ఆటలో కూడా నిలిచిన ఓడలనే ముందు వెతకండి.

ఇంకొకటి, వదలగానే టార్పెడో కాస్త లోతుకు దిగి పైకొస్తుంది. లోతు తక్కువ రేవులో నేలకు గుచ్చుకుంటుంది, మ్యాప్ చూసుకోండి. టార్పెడో వదిలే గొట్టం ఎంతుంటుందో కళ్లారా చూడాలంటే, తర్వాతి కాలానిదే అయినా, ఆర్కే బీచ్‌లో కుర్సురా జలాంతర్గామి మ్యూజియం ముందు గది ఉంది.