పావు డాలరు టిక్కెట్టు

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. అమెరికా నల్లవాళ్ళు తాళానికి మాటలు గబగబా అల్లే ర్యాప్‌లోకి వచ్చిన తెల్లవాళ్ళని నల్లవాళ్ళు ఎలా ఒప్పుకున్నారన్నది రాయదగ్గ సంగతే. బీస్టీ బాయ్స్, వనిల్లా ఐస్, ఎమినెం, మాక్లమోర్... వరస బాగానే కుదిరింది. నీ వాక్యానికి పరుగుంది, అది నేర్పితే వచ్చేది కాదు. కానీ పక్కన గీతలు పెట్టుకుంటూ నువ్వు చెప్పిన పేర్లు లెక్కేశాను. ఫుట్‌నోట్లు వదిలేస్తే 14 మంది. అందరూ మగాళ్ళే.

నిన్ననడానికి నాకూ మొహం లేదులే. ఎమినెం సినిమా '8 మైల్' 2002లో వచ్చింది. అది చూసిన ఊపులో నేనూ ఒక వ్యాసం రాశాను. చివరి ర్యాప్ పోటీలో ఆ సినిమాలో హీరో కుర్రాడు, ఎదుటివాడు తిట్టబోయేవన్నీ ముందే తనే తిట్టుకుంటాడు చూడు, తెల్లవాణ్ణి, దరిద్రుణ్ణి, అమ్మతో ట్రైలర్లో పడుంటాను అని! అవతలివాడు మైకు పట్టుకుని నోట మాట లేక నిలబడిపోతాడు. ఆ ఒక్క సీను మీదే మూడు పేజీలు ఖర్చుపెట్టాను. పత్రిక వచ్చిన వారానికి ఒకావిడ కార్డు రాసింది: "వ్యాసం బాగుందండీ. అమెరికాలో ఆడవాళ్ళుండరా?" అంతే, ఇంకేం లేదు. ఆ కార్డు చాలా ఏళ్ళు నా సొరుగులోనే ఉంది.

అందుకని నీ మొదటి వాక్యం దగ్గరే ఆగాను. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్, ర్యాప్‌కి పుట్టిల్లయిన హిప్‌హాప్‌కి పురుడు పోశాడన్నావు. పురుడు సరే, పందిరి వేసిందెవరు? 1520 సెజ్‌విక్ అవెన్యూలో ఆ రాత్రి పార్టీ పెట్టింది హెర్క్ చెల్లెలు సిండీ కాంప్‌బెల్. బడి తెరిచేలోగా ఆ పిల్లకి కొత్త బట్టలు కావాలి, డబ్బుల్లేవు. ఇండెక్స్ కార్డుల మీద పార్టీ పిలుపులు చేత్తో రాసి పంచింది. అమ్మాయిలకి పావు డాలరు, అబ్బాయిలకి అర డాలరు. పాటలు వెయ్యమని అన్నని కూర్చోబెట్టింది. ఆ రేటు చూశావా? హాలు నిండాలంటే ముందు అమ్మాయిలు రావాలని ఆ పిల్లకి తెలుసుననే నేననుకుంటాను. ఆరేళ్ళ తర్వాత ర్యాప్‌ని ఊరూరా వినిపించిన 'ర్యాపర్స్ డిలైట్' రికార్డు బయటికి తెచ్చిందీ ఆడమనిషే, సిల్వియా రాబిన్సన్.

ఇక తెల్లవాళ్ళ సంగతి. తెల్లవాళ్ళ ర్యాప్ పాట మొదటి స్థానానికి ఎక్కడం వనిల్లా ఐస్‌తో మొదలెట్టావు. అంతకు తొమ్మిదేళ్ళ ముందే, 1981లో, ర్యాప్ వినిపించిన పాట ఒకటి అమెరికా పాటల జాబితా బిల్‌బోర్డ్‌లో మొదటి స్థానానికి వెళ్ళింది. బ్లాండీ అనే రాక్ బ్యాండు వాళ్ళ 'రాప్చర్'. పాడింది డెబీ హ్యారీ, తెల్లామె. మరి జనం వనిల్లా ఐస్ మీద విరుచుకుపడ్డట్టు ఆమె మీద ఎందుకు పడలేదు? ఆమె నేను ర్యాపర్నని చెప్పుకోలేదు. చుట్టపుచూపుగా వచ్చింది, ఆ ఇంటివాళ్ళు ఫ్యాబ్ ఫైవ్ ఫ్రెడ్డీ, గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ పేర్లు పాటలోనే చెప్పి వెళ్ళింది. వనిల్లా ఐస్ అలా కాదు, ఆ వీధిలోనే పుట్టి పెరిగినట్టు కథ చెప్పాడు. కథ తేలిపోయింది. టీనా మేరీ అనే తెల్ల గాయని సంగతి ఇంకా చిత్రం. 1979లో నల్లవాళ్ళ పాటల కంపెనీ మోటౌన్ వాళ్ళు ఆమె మొదటి రికార్డు అట్ట మీద ఆమె మొహమే వెయ్యలేదు. గొంతు విన్నవాళ్ళు నల్లామే అనుకున్నారు. తెల్లామె అని తెలిశాకా వదులుకోలేదు. ఈ ఇద్దరి మీదే నీకు రెండు పేజీలు దొరుకుతాయి, నల్ల ర్యాపర్ కెండ్రిక్ లామర్‌ని దాటి మాక్లమోర్ గ్రామీ అవార్డు కొట్టిన గొడవ మూడు లైన్లకి కుదించు.

బీస్టీ బాయ్స్ గురించి నువ్వు రాసింది తప్పు కాదు, సగం. వాళ్ళు మొదట పంక్ రాక్ బ్యాండు. డ్రమ్స్ వాయించింది కేట్ షెలెన్‌బాక్ అనే అమ్మాయి. ర్యాప్ వైపు తిరిగాక ఆమెని పక్కన పెట్టేశారు. 1986లో నల్ల ర్యాప్ బృందం రన్-డీఎంసీ వెంట టూర్లకి వెళ్ళారు, ఆ ఏడాదే వచ్చిన 'లైసెన్స్‌డ్ టు ఇల్' బిల్‌బోర్డ్‌లో మొదటి స్థానానికి చేరిన తొలి ర్యాప్ ఆల్బమ్ అయింది. ఆ తర్వాత టూరులో స్టేజీ మీద బోనులు, బోనుల్లో ఆడుతున్న అమ్మాయిలు. నల్లవాళ్ళు తలుపు తీశారని రాశావు. తీశారు, నిజమే. లోపలికి పోతూ వీళ్ళు ఎవరిని గుమ్మం బయట వదిలేశారో కూడా రాయి. ముగ్గురిలో ఒకడు పోయాడు, మిగిలిన ఇద్దరూ 2020 డాక్యుమెంటరీలో కేట్ సంగతి సిగ్గుపడుతూ చెప్పుకున్నారు, అదీ రాయి. మనుషులు మారడం చూపించకపోతే అది చార్జిషీటు అవుతుంది.

ఎమినెం దగ్గర నీకు చెయ్యి వణికినట్టుంది. 2003లో 'ది సోర్స్' అనే హిప్‌హాప్ పత్రిక వాళ్ళు అతని పాత టేపు ఒకటి బయటపెట్టారు. కుర్రతనంలో నల్ల గర్ల్‌ఫ్రెండ్‌తో తెగిపోయాక, కోపంలో పాడానని ఒప్పుకుని క్షమాపణ చెప్పాడు. నువ్వేమో "నల్లజాతి అతన్ని క్షమించింది" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. తమ్ముడూ, ఆ పాటలో తిట్లు తిన్నది నల్ల ఆడపిల్లలు. వాళ్ళ తరఫున క్షమించిందెవరు? ఆ ప్రశ్నకి జవాబు నీ దగ్గర లేకపోతే ప్రశ్నని అలాగే ఉంచు, పూడ్చెయ్యకు.

ఇగ్గీ అజేలియాని ఫుట్‌నోట్లోకి తోశావు. నేనైతే వ్యాసం నడిమధ్యలో కూర్చోబెడతాను. ఆస్ట్రేలియా అమ్మాయి, 16 ఏళ్ళకి అమెరికా వచ్చింది. మాట్లాడితే ఆస్ట్రేలియా యాస, మైకు పట్టుకుంటే అట్లాంటా నల్లవాళ్ళ యాస. 2014లో ఆమె పాట 'ఫ్యాన్సీ' 7 వారాలు మొదటి స్థానంలో ఉంది. ఆ డిసెంబరులో న్యూయార్క్ హార్లెం ర్యాపర్ అమ్మాయి అజేలియా బ్యాంక్స్ హాట్ 97 రేడియోలో ఆమె సంగతి మాట్లాడుతూ మధ్యలో ఏడ్చేసింది. దాన్ని సిగపట్ల గోత్రంగా చూసినవాళ్ళే ఎక్కువ. ఇగ్గీని చేయి పట్టుకుని తెచ్చిన ర్యాపర్ టి.ఐ. నల్లవాడే, ఏడ్చిన బ్యాంక్స్ నల్లదే. ఇప్పుడు చెప్పు, నల్లవాళ్ళు ఒప్పుకున్నారా లేదా? నీ వ్యాసమంతటా "నల్లవాళ్ళు" అన్న మాటని ఒక్క మనిషిలా వాడావు. ఆ మాట వచ్చిన ప్రతిచోటా ఎవరు, ఆడా మగా, వాళ్ళకి పోయేదేమిటి అని అడుగుతూ వెళ్ళు. సగం వాక్యాలు వాటంతటవే మారిపోతాయి.

చివరి పేరాలో దీన్ని మన డప్పుకీ కులానికీ ముడిపెట్టావు. తీసెయ్. పోలిక తప్పని కాదు, తేరగా వచ్చిందని. డప్పుకీ, డీజేలు రికార్డులు తిప్పే టర్న్‌టేబుల్‌కీ చుట్టరికం కలపాలంటే ముందు రెండిళ్ళలోనూ అన్నం తినాలి. నువ్వు ఒకింటికి ఫోన్లో వెళ్ళొచ్చావు, రెండో ఇంటి వీధి మొగలోనే ఆగావు. తెలుగువాళ్ళ ఊసు రావాలనే నీ పట్టుదలైతే దారి వేరే ఉంది: ఇగ్గీకి పాటలు రాసినవాళ్ళలో కాలిఫోర్నియాలో పుట్టిన తెలుగింటి పిల్ల రాజా కుమారి ఉంది. నల్లా తెల్లా కాని ఆ మూడో అమ్మాయి అక్కడ ఏ కుర్చీలో కూర్చుందో కనుక్కో.

దసరాకి ఊరొస్తావుగా, రెండో ప్రతి పట్టుకురా. ప్రింటు తీసేటప్పుడు కాస్త పక్క జాగా ఎక్కువ వదులు, నా చేతిరాత ఈమధ్య లావైపోయింది.

నీ అన్నయ్య