పాఠకుల ప్రశ్నలు: నక్షత్రాలు చూసేందుకు ఏ బైనాక్యులర్స్ కొనాలి?

ప్రశ్న: చంద్రగిరి మండలంలోని ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు రాత్రి ఆకాశం చూపించాలని కోరిక. చేతిలో ఎనిమిది వేల రూపాయలున్నాయి. అంతకంటే తక్కువకే "675 రెట్లు పెద్దదిగా చూపే" టెలిస్కోపులు, రెండు వేలకే "60×60" అని రాసిన బైనాక్యులర్స్ అమ్ముతున్నారు. వీటిలో ఏది కొనాలి? కొన్నాక ఎలా వాడాలి?
— ఒక ఉపాధ్యాయిని, చంద్రగిరి

జవాబు: మీరు చెప్పిన రెండూ వద్దు. ఆ ఎనిమిది వేలు పెట్టి, అవసరమైతే ఇంకొంచెం కలిపి, 10×50 బైనాక్యులర్స్ ఒకటి కొనండి. చవక టెలిస్కోపుల్లో కటకం ఎలా ఉన్నా, అసలు చిక్కు స్టాండుతో వస్తుంది. సన్నటి కాళ్ల మీద గొట్టాన్ని బిగించి గురుగ్రహం వైపు తిప్పి చెయ్యి తీయగానే గ్రహం పక్కకు జారిపోతుంది. ముప్పై మంది పిల్లలు వరుసలో నిలబడి ఉండగా మీరు మళ్లీ దాన్ని వెతుక్కుంటూ ఉంటారు. ఇక 675 రెట్ల మాట. ఏ టెలిస్కోపుకైనా పనికివచ్చే గరిష్ఠ వృద్ధీకరణ, ముందు కటకం వ్యాసంలో మిల్లీమీటరుకు సుమారు రెండు రెట్లు మాత్రమే. అంటే 60 మిల్లీమీటర్ల కటకం 120 రెట్లు దాటాక మసకను తప్ప మరి దేనినీ పెద్దది చేయలేదు.

బైనాక్యులర్స్ మీద రాసే రెండు అంకెల్లో మొదటిది ఎన్ని రెట్లు పెద్దదిగా చూపుతుందో చెబుతుంది, రెండోది ముందు కటకం వ్యాసాన్ని మిల్లీమీటర్లలో చెబుతుంది. కొనేవాళ్లంతా మొదటి అంకెను చూస్తారు, ఆకాశానికి మాత్రం రెండోదే ముఖ్యం. చీకట్లో మీ విద్యార్థుల కంటిపాప దాదాపు 7 మిల్లీమీటర్ల వరకు తెరుచుకుంటుంది; 50 మిల్లీమీటర్ల కటకం వైశాల్యం దానికి యాభై రెట్లు ఉంటుంది కనుక అంత ఎక్కువ వెలుగును పోగుచేసి కంటికి అందిస్తుంది. అదే కటకానికి 20 రెట్లు తగిలించారనుకోండి, బొమ్మ పెద్దదవుతుంది గాని పలచబడుతుంది, కనిపించే ఆకాశం ఇరుకవుతుంది, చేతి వణుకు కూడా ఇరవై రెట్లవుతుంది. "60×60" వంటి అంకెలు పెట్టె మీద అచ్చయినవే గాని కటకంలో ఉన్నవి కావు. అలాంటిదొకటి ఒక జాతరలో కొన్న బంధువు నాకు చూపించినప్పుడు స్కేలు పెట్టి కొలిచాను. ముందు కటకం 35 మిల్లీమీటర్లు కూడా లేదు. ఎర్రగా మెరిసే కటకాలను, జూమ్ ఉన్న రకాలను కూడా పక్కన పెట్టండి.

బైనాక్యులర్స్ లోపలి పట్టకాల అమరికను బట్టి రెండు రకాలుంటాయి. భుజాలు వెడల్పుగా, మెట్టులా వంగి ఉండే పాతకాలపు ఆకారం పోరో రకం. తిన్నటి గొట్టాల్లా ఉండేది రూఫ్ రకం. రూఫ్ పట్టకాలను చాలా కచ్చితంగా చెక్కాలి, వాటికి ప్రత్యేకమైన పూతలు కూడా వేయాలి, అందువల్ల తక్కువ ధరలో మంచివి దొరకడం కష్టం. మీ డబ్బుకు పోరోనే న్యాయం చేస్తుంది. నికాన్ అక్యులాన్, సెలెస్ట్రాన్ అప్‌క్లోజ్ వంటి ప్రారంభ శ్రేణి రకాలు మీరు అనుకున్న ధరకు అటూ ఇటూగా ఉంటాయి. పేరు ఏదైనా, చేతికి వచ్చిన దాన్ని పరీక్షించకుండా ఉంచుకోవద్దు. తిప్పి పంపే వీలుంటేనే ఆన్‌లైన్‌లో కొనండి.

పరీక్షకు పరికరాలేమీ అక్కర్లేదు. పగటిపూట బైనాక్యులర్స్‌ను చెయ్యి చాచి దూరంగా పట్టుకుని, సూర్యుడు లేని వైపు ఆకాశానికి చూపి, కంటి దగ్గరి కటకాల్లో కనిపించే వెలుగు బిళ్లలను గమనించండి. అవి గుండ్రంగా ఉంటే పట్టకాలు బాక్-4 అనే మెరుగైన గాజుతో చేసినవి. అంచులు కోసుకుపోయి నలుపలకలుగా, బూడిదరంగు నీడతో కనిపిస్తే సాధారణ బీకే-7 గాజు. ఆ బిళ్ల వ్యాసాన్ని స్కేలుతో కొలవండి. 10×50 అయితే 5 మిల్లీమీటర్లు ఉండాలి. నాలుగే ఉంటే లోపల ఏదో అడ్డం పెట్టారనీ, మీరు 50 అనుకుని కొన్నది నిజానికి 40 అనీ అర్థం. తరువాత దూరపు సెల్ టవర్ కొనను చూడండి. రెండు గొట్టాలు ఒకే దిశలో లేకపోతే టవర్ రెండుగా కనిపిస్తుంది, లేదా కళ్లు బలవంతంగా రెండింటినీ కలిపి, ఐదు నిమిషాల్లో తలనొప్పి తెస్తాయి. ఈ లోపం ఉన్న దాన్ని ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి.

ఫోకస్ చేసేటప్పుడు చాలామంది మధ్య చక్రం ఒక్కటే తిప్పి ఊరుకుంటారు. ముందు కుడి కన్ను మూసి, ఎడమ కంటితో ఒక నక్షత్రాన్ని చూస్తూ అది చుక్కగా కుదించుకుపోయే వరకు మధ్య చక్రాన్ని తిప్పాలి. తరువాత ఎడమ కన్ను మూసి, చక్రాన్ని ముట్టుకోకుండా, కుడి కటకం దగ్గరి రింగును మాత్రమే తిప్పి సరిచేయాలి. ఆ రింగు స్థానం మనిషికొకటి ఉంటుంది గనుక పిల్లలు ఒక్కొక్కరు మారినప్పుడల్లా మళ్లీ సరిచేసుకోవడం ముందే నేర్పండి. వణుకు తగ్గడానికి పిట్టగోడ మీద మోచేతులు ఆన్చవచ్చు. నడినెత్తిన చూడవలసినవాటికి మిద్దె మీద నులకమంచం వేసుకుని పడుకోవడాన్ని మించిన స్టాండు లేదు. ముందు వైపు మధ్య ఇరుసుకు మరలు బిగించే రంధ్రం ఉన్న రకం దొరికితే, మామూలు కెమెరా ట్రైపాడ్‌కు చిన్న ఎల్ ఆకారపు అడాప్టర్‌తో తగిలించి, గురుగ్రహం మీద నిలిపి పిల్లలను వరుసగా పిలవవచ్చు. చీకటికి కళ్లు అలవాటు పడటానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. ఆ మధ్యలో ఒక్క పిల్లవాడు సెల్‌ఫోన్ వెలిగించినా అందరి శ్రమా వృథా.

మీ ఊరు ఈ పనికి అనువైనదే. తిరుపతి వెలుగులు మీకు తూర్పు దిక్కున ఆకాశాన్ని తెల్లబరుస్తాయి, దక్షిణం, పడమర కొంత నయం. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు మన జిల్లాల్లో ఆకాశాన్ని మూసేస్తాయి కనుక, సంక్రాంతి దాటాక మొదలుపెట్టండి. మొదటి రాత్రికి సప్తమి, అష్టమి నాటి చంద్రుణ్ణి ఎంచుకోండి. పున్నమి చంద్రుడి మీద సూర్యకాంతి సూటిగా పడి నీడలుండవు, అందుచేత బల్లపరుపుగా కనిపిస్తాడు. అర్ధచంద్రుడి వెలుగూ చీకటీ కలిసే గీత వెంట మాత్రం గుంటల అంచులు స్పష్టంగా తెలుస్తాయి. అమావాస్య చుట్టుపక్కల రోజుల్లో, పల్లెల్లో పిల్లలకోడి అని పిలిచే కృత్తికలను చూపండి: ఉత్త కంటికి ఆరో ఏడో కనిపించేవి ఇందులో పదుల సంఖ్యకు పెరుగుతాయి. ఆ పక్కనే రోహిణి చుట్టూ ఉన్న గుంపు, మృగవ్యాధుడి (ఓరియన్ నక్షత్ర రాశి) నడుం పట్టీకి కింద మసక మరకలా కనిపించే నీహారిక కూడా ఉంటాయి. ఆ మరక సుమారు 1,340 కాంతి సంవత్సరాల దూరంలో కొత్త నక్షత్రాలు పుడుతున్న మేఘమని చెబితే పిల్లలు రెండోసారి అడిగి మరీ చూస్తారు.

గురుగ్రహం ఆకాశంలో ఉన్న రోజుల్లో, గెలీలియో 1610 జనవరిలో గుర్తించిన నాలుగు చందమామలు గ్రహానికి అటూ ఇటూ ఒకే వరుసలో చుక్కలుగా కనిపిస్తాయి, చెయ్యి కదలకుండా ఉంటేనే. శనిగ్రహం వలయాలు పది రెట్లకు విడిగా కనిపించవు; పిల్లలు ముందుగా అడిగేది వాటినే కనుక ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.

అసలు మన అక్షాంశానికి దక్కిన కానుక వేసవిలో వస్తుంది. ఒమేగా సెంటారీ అనే గోళాకార నక్షత్ర గుచ్ఛంలో దాదాపు కోటి నక్షత్రాలున్నాయి. లండన్‌లో అది ఎన్నడూ ఉదయించదు. తిరుపతిలో దక్షిణ క్షితిజానికి సుమారు 29 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. చిత్తూరుకు దక్షిణాన, తమిళనాడు జవ్వాది కొండల్లోని కావలూరులో 2.34 మీటర్ల టెలిస్కోపు ఉన్న వేధశాలకు కూడా భూమధ్యరేఖకు దగ్గరగా ఉండి రెండు అర్ధగోళాల ఆకాశాన్నీ చూడగలగడం ఒక బలం. ఒమేగా సెంటారీని వెతకడం సులువు: మే నెల మధ్యలో రాత్రి తొమ్మిదిన్నర, పది గంటల వేళ చిత్త నక్షత్రం దక్షిణాన అన్నిటికంటే ఎత్తుకు చేరుతుంది, అక్కడి నుంచి నిట్టనిలువుగా కిందికి, చాచిన చేతి పిడికిళ్లతో మూడున్నర కొలిస్తే, అంచులు కరిగిపోయిన పిండి ఉండలాంటిది కనిపిస్తుంది.

పనయ్యాక జాగ్రత్త చేయడం గురించి ఒక్క మాట. నా మొదటి బైనాక్యులర్స్‌ను దాని తోలు సంచిలోనే పెట్టి రెండు వానాకాలాలు బీరువాలో వదిలేశాను. తోలు తేమను పట్టి ఉంచడంతో కటకాల లోపల సాలెగూడులా బూజు అల్లుకుంది, మళ్లీ బాగుపడలేదు. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. లోపల శుభ్రం చేద్దామని మరలు విప్పితే పట్టకాలు కదిలిపోతాయి.

ప్రశ్న: నా వయసు 64. కళ్లద్దాలు వాడతాను, చేతులు కొంచెం వణుకుతాయి. ఖగోళానికి 7×50 శ్రేష్ఠమని చదివాను. నాకు అదే సరిపోతుందా?
— ఒక విశ్రాంత ఉద్యోగి, చిత్తూరు

జవాబు: మీరు చదివినది యువకుల కళ్లను బట్టి చెప్పిన మాట. 50ని 7తో భాగిస్తే వచ్చే 7 మిల్లీమీటర్ల వెలుగు బిళ్ల, రాత్రివేళ ఓడ మీద కాపలా కాసే కుర్ర నావికుడి కంటిపాపకు సరిగ్గా సరిపోతుంది. అరవై దాటాక చాలామందికి కంటిపాప చీకట్లోనూ ఐదు మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు 7×50 మోసిన బరువుకు 7×35 ఫలితమే దక్కుతుంది, మిగిలిన వెలుగు కంటిపాప చుట్టూ ఉన్న రంగు పొర మీద పడి వృథా అవుతుంది. చిత్తూరు వంటి పట్టణంలో ఇంకో నష్టం కూడా ఉంది: బిళ్ల పెద్దదైన కొద్దీ వీధిదీపాల వల్ల తెల్లబడ్డ ఆకాశం కూడా అంతే ప్రకాశంగా కనిపించి, మసక వస్తువులను మింగేస్తుంది.

చంద్రగిరి ఉపాధ్యాయినికి చెప్పిన 10×50ని మీకు చెప్పను, వణుకు కారణంగా. మీకు 8×42 లేదా 8×40 మేలు. వెలుగు బిళ్ల ఐదు మిల్లీమీటర్ల చుట్టూనే ఉంటుంది, బరువు తక్కువ, వణుకు తక్కువగా తెలుస్తుంది, ఒక్క చూపులో ఎక్కువ ఆకాశం కనిపిస్తుంది. వరండాలోని పడక కుర్చీని మిద్దె మీదికి తెప్పించుకుని, మోచేతులు దాని చేతుల మీద ఆన్చి చూడండి. మెడనొప్పి బాధ కూడా ఉండదు.

కళ్లద్దాల విషయం మీ చీటీ చూస్తే తేలుతుంది. దూరపు చూపుకో దగ్గరి చూపుకో సంబంధించిన పవర్ మాత్రమే ఉంటే అద్దాలు తీసేసి చూడవచ్చు, ఆ తేడాను ఫోకస్ చక్రమే సరిచేస్తుంది. సిలిండర్ పవర్ (కంటి ముందు భాగపు వంపు అన్ని వైపులా సమంగా లేనివారికి ఇచ్చేది) చెప్పుకోదగినంత ఉంటే మాత్రం ఫోకస్ ఎంత తిప్పినా నక్షత్రం చుక్కగా రాదు, గీతలా సాగుతుంది. అద్దాలు పెట్టుకునే చూడాలి. అప్పుడు కటకానికీ కంటికీ మధ్య ఉండవలసిన దూరం, అమ్మేవాళ్లు ఐ రిలీఫ్ అని రాసేది, 15 మిల్లీమీటర్లకు తగ్గని రకం కొని, రబ్బరు కప్పులను కిందికి మడవండి. దుకాణానికి అద్దాలు పెట్టుకునే వెళ్లి, దృశ్యం అంచు వరకు కనిపిస్తోందో లేదో చూసుకున్నాకే డబ్బు కట్టండి.

ప్రశ్న: మా మిద్దె మీది నుంచి శ్రీహరికోట రాకెట్లు కనిపిస్తాయి. మా బాబు బైనాక్యులర్స్‌తో చూస్తానంటున్నాడు. ఫర్వాలేదా?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఉదయం ప్రయోగాలకు వద్దు. తిరుపతికి శ్రీహరికోట దాదాపు నేరుగా తూర్పున ఉంది, పొద్దుటి సూర్యుడూ ఆ వైపే ఉంటాడు. పైకి లేస్తున్న పొగ చారను వెంబడించే తొందరలో ఒక్క క్షణం సూర్యుడు దృశ్యంలోకి వచ్చినా, కటకాలు పోగుచేసిన ఆ వేడీ వెలుగూ కంటి రెటీనాను శాశ్వతంగా కాల్చేయగలవు. రెటీనాకు నొప్పి తెలియదు కనుక పిల్లవాడు కన్ను తీయడు కూడా. గ్రహణం కళ్లజోడు పెట్టుకుని బైనాక్యులర్స్‌లోంచి చూడటం మరీ ప్రమాదం, ఎందుకంటే కటకాలు కేంద్రీకరించిన కాంతి ఆ కళ్లజోడులోని పలచటి పొరను క్షణాల్లో కాల్చేయవచ్చు.

సూర్యుడు పడమటికి వాలాక జరిగే సాయంత్రపు ప్రయోగాలకు, రాత్రి ప్రయోగాలకు నిరభ్యంతరంగా ఇవ్వండి. తూర్పు పిట్టగోడ దగ్గర స్థలం చూసుకుని, ప్రయోగానికి పావుగంట ముందే దూరపు సెల్ టవర్ మీదో నక్షత్రం మీదో ఫోకస్ సరిచేయించండి. రాకెట్ చెట్ల పైకి వచ్చాక చక్రం తిప్పుకునే వ్యవధి ఉండదు.