తెల్ల తుప్పు దాకానా, ఎర్ర తుప్పు దాకానా?

విశాఖపట్నం

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన లింకు నిన్న రాత్రి భోజనాలయ్యాక తీరిగ్గా చదివాను. మీ అచ్యుతాపురం యూనిట్‌కి కేబుల్ ట్రేలు (కరెంటు తీగలు పరిచే ఇనుప ట్రేలు) కొనాలి, మూడు కొటేషన్లలో వీళ్లదే తక్కువ ధర, వెబ్‌సైట్ కూడా బాగుంది, ఆర్డర్ పెట్టేయనా అని అడిగావు. ఫోన్‌లో చెబితే సగం గుర్తుండదని రాస్తున్నాను. పర్చేజ్‌లో చేరి ఆరు నెలలే అయింది కదా, నీ సంతకంతో వెళ్లే మొదటి పెద్ద ఆర్డర్ ఇది. దాని గురించి నీకెంత టెన్షన్ ఉందో నాకూ అంతే ఉంది.

ఆ పేజీలో ఉన్నవి ఇవీ: తీరప్రాంతానికి ప్రత్యేకంగా తయారైన ట్రేలు, 275 జీఎస్ఎం జింకు పూత, 1000 గంటల సాల్ట్ స్ప్రే పరీక్ష పాసయ్యాయి కాబట్టి 20 ఏళ్లు తుప్పు రాదు, ఐఎస్ఓ సర్టిఫైడ్ ట్రేలు, 1985 నుంచి సేవలో. కింద పెద్ద పెద్ద కంపెనీల లోగోలు. ఇందులో ఏది అబద్ధమా అని ముందే వెతకడం మొదలుపెట్టకు. ఏ మాటను కొలవగలం, ఎవరు పూచీ పడి చెప్పారు, ఏ ముక్క మీద చెప్పారు, ఈ మూడూ చూడు. ‘ప్రపంచస్థాయి’, ‘తిరుగులేని నాణ్యత’ లాంటివి కొలవలేం, వాటిని చదవకుండానే దాటెయ్యి.

ముందు 275 జీఎస్ఎం సంగతి. చూడగానే పెద్ద అంకెలా కనిపిస్తుంది. అది చదరపు మీటరు షీటుకి రెండు వైపులా కలిపి 275 గ్రాముల జింకు అని. ఒక్కో వైపుకి లెక్కేస్తే మందం దాదాపు 20 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఇది ముందే పూత వేసి వచ్చిన షీటు; దాన్ని కోసి, బెజ్జాలు కొట్టి, మడిచి ట్రే చేస్తారు. కోసిన అంచు మీద, బెజ్జం లోపల జింకు ఉండదు. పక్కనున్న జింకు కొంతవరకు కాపాడుతుంది గానీ, మన ఉప్పు గాలికి తుప్పు మొదలయ్యేది అక్కడే. ట్రే మొత్తం తయారయ్యాక కరిగిన జింకులో ముంచి తీసేది హాట్ డిప్. హాట్ డిప్ పూతకి ఉన్న ఐఎస్ఓ 1461 ప్రమాణం ప్రకారం 1.5 నుంచి 3 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనుముకి ఆ పూత సగటున కనీసం 55 మైక్రాన్లు ఉండాలి. అంచులకీ బెజ్జాలకీ కూడా అంటుకుంటుంది. 20కీ 55కీ మధ్య ఉన్న తేడాయే ఆ తక్కువ ధర అని నా అనుమానం. అది మోసం కాదు తల్లీ. గదుల లోపల ఆ షీటు ట్రేలు ఏళ్ల తరబడి బాగుంటాయి. కానీ అవే ‘తీరప్రాంతానికి ప్రత్యేకం’ అనడం సరికాదు. నీ ఇండెంట్‌లో, అంటే ఏం కొనాలో మీవాళ్లు రాసిచ్చిన కాగితంలో, ఏమని రాశారో ముందు చూడు. ఏ రకం పూతో చెప్పకుండా ‘జీఐ (జింకు పూత ఇనుము) కేబుల్ ట్రే’ అని మాత్రమే ఉంటే తప్పు సగం మన వైపే ఉంది.

ఇక 1000 గంటల పరీక్ష. ఒక పెట్టెలో 35 డిగ్రీల దగ్గర 5 శాతం ఉప్పు నీటిని పొగమంచులా ఆపకుండా చల్లుతూ ఉంటారు. పెట్టెలో ఎండ ఉండదు, తడి ఆరడం ఉండదు. బయట గాలిలో జింకు తడిసి ఆరుతూ తన మీద తానే ఒక రక్షణ పొర కట్టుకుంటుంది, పెట్టెలో దానికి ఆ అవకాశం లేదు. అందుకే అక్కడి గంటలను ఇక్కడి ఏళ్లలోకి మార్చే లెక్క ఏదీ లేదు. ఒకే రకం పూతల్లో ఏ బ్యాచ్ చెడిందో పట్టుకోవడానికి ఆ పరీక్ష పనికొస్తుంది. 1000 గంటలంటే 20 ఏళ్లు అని ఎవరైనా రాశారంటే, వాళ్లకు ఆ పరీక్ష తెలియదు, లేదా నీకు తెలియదని వాళ్ల నమ్మకం. వాళ్లను ఒక్క ప్రశ్న అడుగు: 1000 గంటలు తెల్ల తుప్పు దాకానా, ఎర్ర తుప్పు దాకానా? తెల్లది జింకు పోతున్న గుర్తు, ఎర్రది లోపలి ఇనుము బయటపడిన గుర్తు. నిజంగా పరీక్ష చేయించినవాడు వెంటనే చెప్తాడు. పరీక్షకు పెట్టింది ఉత్త జింకు ముక్కా, పైన పౌడర్ కోటింగ్ కూడా ఉన్న ముక్కా అని కూడా అడుగు. పెయింట్ వేసిన ముక్క రిపోర్టును మామూలు ట్రేకి తగిలించడం నేను చాలాసార్లు చూశాను.

రిపోర్టు పంపితే మొదటి పేజీ ఓపిగ్గా చదువు. ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే ఎన్ఏబీఎల్ నుంచి ఆ ల్యాబ్‌కి గుర్తింపు ఉందా, ఆ పరీక్ష వాళ్ల స్కోప్‌లో, అంటే గుర్తింపు వర్తించే పనుల జాబితాలో, ఉందా అన్నది ఎన్ఏబీఎల్ వెబ్‌సైట్‌లోనే కనిపిస్తుంది. రిపోర్టు ఎవరి పేరు మీద ఉంది, ఏ తేదీ, నమూనా వివరం ఏమిటి చూడు. ‘ఈ ఫలితాలు పరీక్షించిన నమూనాకే వర్తిస్తాయి’ అన్న వాక్యం ల్యాబ్ రిపోర్టుల్లో సాధారణంగా ఉంటుంది. ఒక ముక్క పాసైందంటే ఆ ముక్కే పాసైందని అర్థం. రిపోర్టు నెంబరు చెప్పి ల్యాబ్‌కే ఫోన్ చెయ్యి, మొహమాటపడకు.

‘ఐఎస్ఓ సర్టిఫైడ్ ట్రేలు’ అన్న మాటే తప్పు. ఐఎస్ఓ 9001 కంపెనీ పని పద్ధతికి ఇచ్చేది, సరుక్కి ఇచ్చేది కాదు. ఐఎస్ఓ సంస్థ స్వయంగా సర్టిఫికెట్లు ఇవ్వదు కూడా, వేరే సంస్థలు ఇస్తాయి. ఇచ్చిన సంస్థకి ఎన్ఏబీసీబీ (సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలకు గుర్తింపునిచ్చే బోర్డు) లాంటి వాళ్ల గుర్తింపు ఉందా, స్కోప్‌లో ‘తయారీ’ అని ఉందా ‘వ్యాపారం’ అని ఉందా చూస్తే చాలు.

1985 విషయంలో మాత్రం తొందరపడకు. జీఎస్టీ పోర్టల్‌లో వాళ్ల నెంబరు కొడితే రిజిస్ట్రేషన్ తేదీ, వ్యాపార స్వభావం, చిరునామా వస్తాయి. 2017 జూలై 1 అని కనిపిస్తే కంపెనీ అప్పుడే పుట్టిందని కాదు, జీఎస్టీ మొదలైన రోజే అది. తండ్రి సొంత పేరున నడిపిన షాపును కొడుకు ప్రైవేట్ లిమిటెడ్ చేస్తే పాన్ మారుతుంది, దాంతో జీఎస్టీ నెంబరూ మారుతుంది. అడిగితే పాత బిల్లో, పాత రిజిస్ట్రేషన్ కాగితమో చూపిస్తారు. అలా చూపించిన వాళ్ల మీద నాకు గౌరవం పెరుగుతుంది.

లోగోల గురించి నా అనుభవం చెప్తాను. మా ప్లాంట్ స్టోర్స్‌లో పనిచేస్తున్నప్పుడు ఒక సప్లయర్ వెబ్‌సైట్‌లో మా కంపెనీ గుర్తే కనిపించింది. రికార్డులన్నీ తిరగేశాను. ఆయన మాకు ఇచ్చింది పరీక్ష కోసం నాలుగు నమూనాలు, అంతే. ఆర్డర్ ఒక్కటీ లేదు. కాబట్టి లోగో చూసి ఆగకు. ఆ కంపెనీలో ఎవరు వాడుతున్నారు, రెండోసారి ఆర్డర్ వచ్చిందా అని అడుగు. గాజువాక, పరవాడ చుట్టుపక్కల ఎక్కడైనా బిగించి రెండు వానాకాలాలు దాటి ఉంటే, స్కూటీ మీద వెళ్లి నీ కళ్లతో చూసి రా.

నన్ను ఇప్పటికీ బాధపెట్టే తప్పు ఇంకొకటి ఉంది. సముద్రం పక్క పైపులైను క్లాంపులకి 316 స్టెయిన్‌లెస్ యూ-బోల్టులు కొన్నాం. ఆ సప్లయర్ వెబ్‌సైట్‌లో ల్యాబ్ ఫొటోలు ఎంతో బాగున్నాయి, టెస్ట్ సర్టిఫికెట్ కూడా పంపారు. మొదటి వానాకాలానికే గోధుమ రంగు మరకలు వచ్చాయి. లోహంలో ఏమేం కలిసి ఉన్నాయో చూపించే పీఎంఐ గన్ తెప్పించి చూస్తే మాలిబ్డినం దాదాపు లేదు. 316లో అది 2 నుంచి 3 శాతం ఉండాలి. మాకు వచ్చింది 304, ఉప్పు గాలికి అంతగా తట్టుకోని రకం. సర్టిఫికెట్‌లో హీట్ నెంబరు (లోహం కరిగించిన బ్యాచ్ నెంబరు) ఉంది, బోల్టుల మీద మాత్రం ఏ నెంబరూ కొట్టి లేదు. ఆ కాగితం ఈ బోల్టులదే అని కలిపే ముడి లేకుండానే నేను సంతకం చేశాను. ఆ క్లాంపులన్నీ విప్పి మళ్లీ బిగించడానికి మా కుర్రాళ్లు ఎండలో పడ్డ కష్టం కళ్లముందే ఉంది. అయస్కాంతం పెట్టి చూస్తే తెలుస్తుందని ఎవరైనా చెబితే నమ్మకు. 304, 316 రెండూ ఒకేలా ప్రవర్తిస్తాయి.

వెబ్‌సైట్ లేనివాళ్లను పక్కన పెట్టెయ్యకు కూడా. ఆటోనగర్‌లో బోర్డు కూడా సరిగ్గా లేని షెడ్లలో పూత మందం కొలిచే మైక్రాన్ గేజ్ జేబులో పెట్టుకు తిరిగే మేస్త్రీలున్నారు. వాళ్లను కూడా ఒక కొటేషన్ అడుగు.

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. ఆ వెబ్ పేజీని ఈరోజు తేదీతో పీడీఎఫ్‌గా దాచు, రేపు మార్చేయొచ్చు. తర్వాత వాళ్లకు మెయిల్ రాయి: ట్రే తయారయ్యాక హాట్ డిప్ చేస్తారా, ఏ గాల్వనైజింగ్ షాపులో, అక్కడి తొట్టి పొడవెంత, మైక్రాన్లు కనీసం ఎంత, సగటున ఎంత, సాల్ట్ స్ప్రే రిపోర్టు పూర్తి కాపీ. ‘సాధారణంగా ఇంత ఉంటుంది’ అంటే ఒప్పుకోకు, ‘కనీసం ఇంత’ అని రాయించు. ఆ అంకెల్నే పీఓలో (పర్చేజ్ ఆర్డర్‌లో) పెడతామనీ, గేట్ దగ్గర గేజ్‌తో కొలిచి తక్కువుంటే వెనక్కి పంపుతామనీ, ఆ ఖర్చు వాళ్లదేననీ స్పష్టంగా చెప్పు. చెప్పిన వర్ణనకు సరుకు సరిపోవాలని 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 15వ సెక్షన్ కూడా అంటుంది. ఆ వర్ణన నీ పీఓలో ఉంటే నీ వాదనకు బలం. వెబ్‌సైట్‌లో 20 ఏళ్లు రాసినవాళ్లు పీఓలో కనీసం 5 ఏళ్లకు సంతకం పెడతారో లేదో చూద్దాం. ధర పెంచుతామంటే కోపం తెచ్చుకోకు, పెంచిన ధరతోనే మిగతా రెండు కొటేషన్లతో పోల్చు.

మీ మేనేజర్ గారు తొందరపెడితే ఈ మెయిల్‌కి జవాబు వచ్చేదాకా రెండు రోజులు ఆగమని మర్యాదగా అడుగు. జవాబు రాగానే నాకు పంపు. నమూనా ముక్క ఒకటి తెప్పించు, అంచు కోసినది. నా పాత గేజ్ ఇంకా పనిచేస్తోంది, ఆదివారం తెస్తాను, అక్కకి చెప్పు భోజనానికి వస్తున్నానని.

మీ మామయ్య