మా నాన్న మెడ వంగింది, నా మెడ తిన్నగానే పుట్టింది

మీరు ముఖ్యంగా అడిగినవి రెండు. తరతరాలుగా కంప్యూటర్ల ముందు కూర్చుంటే మనిషి ఒళ్లు దానికి తగ్గట్టు మారిపోతుందా అన్నది ఒకటి. గచ్చిబౌలిలో కొత్తగా నైట్ షిఫ్ట్‌లో చేరాను, మెడ పట్టేస్తోంది, పగలు నిద్ర రావట్లేదు, సీనియర్లేమో "కొన్నాళ్లు ఓపిక పట్టు, బాడీ అలవాటు పడిపోతుంది" అంటున్నారు, నిజమేనా అన్నది రెండోది. రెండోదానికి ముందే చెప్పేస్తాను. నేను ఆరేళ్లు చేశాను. అలవాటు పడలేదు. పడినట్టు నటించడం మాత్రం బాగా వచ్చింది.

నేను డాక్టర్నీ కాదు, సైంటిస్టునీ కాదు. 1999లో బనగానపల్లె నుంచి ఒక సూట్‌కేసుతో అమీర్‌పేటలో దిగి, మైత్రీవనం పక్క సందుల్లో కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష నేర్చుకున్న బాపతు. సంవత్సరాన్ని రెండంకెల్లో దాచుకున్న పాత ప్రోగ్రాములు 2000 రాగానే దాన్ని 1900 అనుకుంటాయన్న భయంతో అప్పట్లో కోబాల్‌కి ఎక్కడలేని గిరాకీ. నా కోర్సు అయ్యేసరికి 2000 వచ్చేసింది, ఏమీ కూలిపోలేదు, గిరాకీ మాత్రం పోయింది. ఉద్యోగం దొరికింది 2002లో. కాబట్టి కింద రాసేది చదివింది కొంత, పడింది ఎక్కువ.

మొదట మెడ సంగతి. మా నాన్న టైలర్. తాతా టైలరే. నాన్న నలభై ఏళ్లు తొక్కుడు మిషను ముందు తల వంచుకుని కూర్చున్నాడు. ఇప్పుడు నిలబడినా ఆయన మెడ గుడ్డను చూస్తున్నట్టే ఉంటుంది. తలకాయ బరువు దాదాపు ఐదు కిలోలు. తిన్నగా ఉంటే ఆ బరువు వెన్నుపూసల మీద నిలుస్తుంది, ముందుకు వాలిస్తే మెడ వెనక కండరాలు పొద్దంతా దాన్ని లాగి పట్టుకోవాలి. ఇప్పుడు ఫోన్లు చూసేవాళ్ల మెడకు కొత్త జబ్బేదో వచ్చినట్టు ఇంగ్లీషు పేరు పెట్టారు కానీ, మా ఊళ్లో దాన్ని టైలర్ మెడ అనే అనేవాళ్లు.

మరి రెండు తరాల టైలర్ల ఇంట్లో పుట్టిన నా మెడ? తిన్నగానే ఉండింది. ఇరవై ఏడేళ్లు వచ్చాక నేనే వంచుకున్నాను. లామార్క్ అనే ఫ్రెంచి ఆయన 1809లో చెప్పింది ఇలాంటిదే: జిరాఫీ చిగుళ్ల కోసం మెడ సాచీ సాచీ, ఆ సాగిన మెడ పిల్లలకూ వచ్చిందని. వినడానికి ఎంత సబబుగా ఉంటుందో! తర్వాత వైస్మన్ అనే జర్మన్ ఎలకల తోకలు తరం వెనక తరం కోసి చూశాడు. పిల్లలన్నీ తోకలతోనే పుట్టాయి. పాపం, అంత కష్టపడకుండా మనింటికొచ్చి ఉంటే సరిపోయేది. మనం ఎన్ని వందల ఏళ్లుగా ఆడపిల్లలకు చెవులు కుట్టిస్తున్నాం? ఒక్క పిల్లయినా చిల్లులతో పుట్టిందా?

పరిణామం అంటే పడ్డ కష్టం పిల్లలకు రావడం కాదు. పుట్టుకతో ఉన్న చిన్న తేడా వల్ల ఒకరు బతికి ఎక్కువ మంది పిల్లల్ని కనడం, ఇంకొకరు కనలేకపోవడం. 1859లో డార్విన్ పుస్తకంలో ఉన్న అసలు ముక్క అదే. ఆ లెక్కన మెడనొప్పి పరిణామానికి పనికిరాదు. మెడనొప్పి వల్ల ఎవరూ చావరు. పెళ్లిళ్లూ ఆగవు. సాఫ్ట్‌వేర్ సంబంధం అనగానే అబ్బాయి ప్యాకేజీ అడిగారు, ఫ్లాట్ ఎక్కడ అన్నారు, మెడ చూసి వద్దన్న అత్తగారిని మాత్రం నేను చూడలేదు. కాబట్టి బొటనవేళ్లు సాగి, మెడలు వంగిన మనుషులు పుడతారని నెట్‌లో తిరిగే ఆ బొమ్మల్ని నవ్వుకుని వదిలేయండి.

అలాగని ఒళ్లు అసలు మారదనీ కాదు. పాలనే తీసుకోండి. పాలల్లోని చక్కెరను అరిగించే ఎంజైము చాలామందికి చిన్నతనం దాటాక తగ్గిపోతుంది. పశువుల్ని పెంచి పాలు తాగిన కొన్ని జాతుల్లో అది పెద్దయ్యాకా ఆగకుండా చేసే మార్పు వచ్చి, కొన్ని వేల ఏళ్లలో పాకిపోయింది. యూరప్ ఉత్తరాన దాదాపు అందరికీ ఉంది, మన దక్షిణాదిలో చాలామందికి లేదు. నాకూ లేదనే నా పొట్ట చెబుతుంది. గ్లాసుడు పాలు తాగితే మీటింగు మధ్యలో లేవాలి. పెరుగన్నం ఎంత తిన్నా ఏమీ కాదు, తోడుపెట్టినప్పుడే ఆ చక్కెరలో కొంత సూక్ష్మజీవులు తినేస్తాయి కాబట్టి. ఇక్కడ గమనించాల్సింది కాలం. తరానికి పాతికేళ్లు వేసుకుంటే పదివేల ఏళ్లంటే నాలుగొందల తరాలు. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచింది 1998లో. అంటే మన ఐటీ వయసు తరం పైన కాస్త.

మా బనగానపల్లె దగ్గరే జ్వాలాపురం అని ఊరుంది. సుమారు 74 వేల ఏళ్ల కిందట ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగిరిన బూడిద అక్కడి నేలలో పొరగా ఉంది. ఆ పొరకి కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయని 2007లో పరిశోధకులు ప్రకటించారు. అంటే అంత ఉత్పాతం తర్వాత కూడా అక్కడ మనుషులు రాళ్లు చెక్కుకుంటూనే ఉన్నారన్నమాట. వాళ్లు మన జాతేనా, మనకంటే ముందటి వాళ్లా అని ఇంకా వాదనలున్నాయి. నేను యాగంటికి పోతూ వస్తూ ఆ పక్కగా ఎన్నిసార్లు తిరిగానో, ఈ సంగతి తెలిసింది మాత్రం హైదరాబాద్‌లో, ఆఫీసు క్యాంటీన్‌లో. మన జాతి ఎముకలు మొరాకోలో సుమారు 3 లక్షల ఏళ్ల నాటివి దొరికాయి. అందులో కుర్చీలో కూర్చుని జీతం తీసుకున్న కాలం ఎంత? ఆ నడిచే ఒంటినే తెచ్చి మనం క్యూబికల్‌లో పెట్టాం.

ఇక నైట్ షిఫ్ట్. ఇది కాస్త వివరంగానే చెప్పాలి.

నాది ప్రొడక్షన్ సపోర్ట్, అంటే అమెరికా వాళ్లు వాడుతున్న ప్రోగ్రాములు ఆగిపోకుండా కాపలా కాసే పని. రాత్రి తొమ్మిదిన్నరకి క్యాబ్, పొద్దున ఆరున్నరకి డ్రాప్. మార్చిలో అమెరికా వాళ్లు గడియారం గంట ముందుకు తిప్పితే మా క్యాబూ గంట ముందుకొచ్చేది, నవంబరులో వెనక్కి పోయేది. ఆ ఒక్క గంటకే ఒళ్లు బాలేదని వాళ్లు మెయిళ్లలో వాపోయేవాళ్లు. మేం పగలూ రాత్రీ తారుమారు చేసుకుని వాళ్లకి "టేక్ కేర్" అని జవాబిచ్చేవాళ్లం.

మెదడులో, రెండు కళ్ల నరాలు ఒకదాన్నొకటి దాటే చోటికి కాస్త పైన, ఇరవై వేల చిల్లర కణాల గుంపు ఒకటి ఉంటుంది. ఒంటి గడియారం అదే. కంటిలో పడే వెలుతురును బట్టి అది రోజూ సర్దుకుంటుంది. ఒక్క మెదడులోనే కాదు, దాదాపు ప్రతి కణంలోనూ చిన్న గడియారాలుంటాయి. అరటిపండ్ల మీద ముసిరే చిన్న ఈగల్లో ఆ గడియారం ఎలా తిరుగుతుందో కనిపెట్టినందుకు హాల్, రాస్‌బాష్, యంగ్ అనే ముగ్గురికి 2017లో నోబెల్ వచ్చింది. ఆ వార్త చదివి నేను నా ఆరేళ్లు గుర్తు చేసుకున్నాను. ఈగకే తప్పనిది నాకు తప్పుతుందా?

అలవాటు ఎందుకు కాదంటే, రాత్రంతా మేలుకుని ఇంటికొచ్చేటప్పుడు పొద్దుటి ఎండ కళ్లలో పడుతుంది. అంతే, "తెల్లారింది, లే" అంటుంది ఆ గడియారం. ఇంటికొచ్చి పడుకుంటే పదింటికి సందులో ఉల్లిగడ్డల ఆటో మైకు. శని ఆదివారాలు మళ్లీ మనుషుల్లా పగలు తిరగాలి, పెళ్లిళ్లకి పోవాలి. సోమవారం మళ్లీ మొదటికి. ఆరేళ్లలో పన్నెండు కిలోలు పెరిగాను, మూడో ఏడు బీపీ మొదలైంది. మేనేజర్‌కి చెబితే "యోగా చెయ్" అన్నాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2007లో నైట్ షిఫ్ట్ పనిని "బహుశా క్యాన్సర్‌కు కారణం కావచ్చు" అన్న వరుసలో పెట్టింది. ఆ వరుస చెప్పేది ఆధారం ఎంత గట్టిదని, ముప్పు ఎంత పెద్దదని కాదు, కాబట్టి హడలిపోకండి. కానీ "అలవాటైపోతుంది" అనేవాళ్లని మాత్రం నమ్మకండి.

నాకు కొంత పనికొచ్చినవి చెబుతాను. తిరుగు క్యాబ్‌లో నల్ల కళ్లద్దాలు. మా డ్రైవర్ మొదట్లో "ఏంది సార్, హీరో లెక్క" అని నవ్వేవాడు. తెల్లవారుజామున మూడు దాటాక టీ బంద్. అర్ధరాత్రి బిరియానీ బంద్ (ఇది నేను పూర్తిగా పాటించలేదు). వారానికో షిఫ్ట్ మార్చడం కంటే కొన్నాళ్లు ఒకే షిఫ్ట్‌లో ఉంచమని అడగడం. అన్నిటికంటే, బయటపడే తేదీ ఒకటి క్యాలెండర్‌లో రాసి పెట్టుకోవడం. నేను రాసుకోలేదు, అందుకే రెండేళ్లు అనుకున్నది ఆరేళ్లయింది.

మెడకు ఏ కుర్చీ కొనాలని కూడా అడిగారు. ఖరీదైన కుర్చీ కంటే ముందు స్క్రీన్ ఎత్తు చూసుకోండి. పై అంచు కంటికి ఎదురుగా ఉండాలి. మా పాత కంపెనీలో స్టాండ్ అడిగితే బడ్జెట్ లేదన్నారు. ప్రింటర్ కాగితాల కట్టలు రెండు కింద పెట్టుకున్నాను, స్టేషనరీకి మాత్రం బడ్జెట్ ఉంది మరి. ఫిజియోథెరపీ ఆమె ఒక మాట చెప్పింది: ఎలా కూర్చున్నా పర్లేదు, అలాగే ఉండిపోకండి అని. అరగంటకోసారి లేవడం, ఫోన్ మాట్లాడుతూ నడవడం, అంతే. కళ్ల సంగతి నా కంటే మా అమ్మాయికి ఎక్కువ వర్తిస్తుంది, నాలుగో తరగతిలోనే అద్దాలు వచ్చాయి. తైవాన్‌లో చూపు కాపాడటానికని బడిపిల్లల్ని రోజుకు రెండు గంటలు ఆరుబయట ఉంచే పద్ధతి పెట్టారని చదివి సాయంత్రాలు కిందికి తోలుతున్నాను. తిట్టుకుంటూ పోతుంది.

ఏఐ వస్తే ఉద్యోగం ఉంటుందా అని చివర్లో ఒక ముక్క అడిగారు కదా. నాకు జోస్యం రాదు. మా నాన్నది చెబుతాను. రెడీమేడ్ ప్యాంట్లు మా ఊరికి బాగా వచ్చాక దసరాకి పొద్దంతా నడిచే మిషను ఖాళీగా ఉండిపోయింది. రెండేళ్లు ఇంట్లో మాటలు తగ్గాయి. ఆ తర్వాత అవే రెడీమేడ్ ప్యాంట్లు ఆయన దగ్గరికే రావడం మొదలైంది, పొడవు తగ్గించడానికి, నడుం వదులు చేయడానికి. సంపాదన మునుపటంత లేదు, కానీ దుకాణం మూయలేదు. ఇప్పుడు మా టీమ్‌లో కొత్త కోడ్ చాలావరకు ఏఐ రాస్తోంది. మనిషి కొలతలు తీసుకోకుండా కుట్టిన కోడ్ అది. నేను పొద్దున పోయి పొడవు తగ్గిస్తాను, నడుం వదులు చేస్తాను. ఫోన్‌లో ఇదంతా చెబితే నాన్న, "అయితే నువ్వూ ఆల్టరేషన్‌లోకి వచ్చినావన్నమాట" అన్నాడు. అందులో వెటకారం ఎంతో, దిగులు ఎంతో తేల్చుకోలేకపోయాను.

నైట్ షిఫ్ట్ రోజుల్లో ఆయన ఒకసారి యూసుఫ్‌గూడలో నా గదికి వచ్చాడు. మధ్యాహ్నం పన్నెండింటికి నేను పడుకుని ఉన్నాను, కిటికీకి పాత పేపర్లు అంటించి ఉన్నాయి, సందుల్లోంచి ఎండ మొహాన పడుతోంది. ఏమీ అనలేదు. జేబులోంచి టేపు తీసి కిటికీ కొలుచుకున్నాడు. పక్క నెల ఊరి నుంచి వచ్చిన బియ్యం మూటతో పాటు ఒక కర్టెన్ వచ్చింది. నల్ల గుడ్డ, లోపల కోటుకు వేసే లైనింగ్ రెండు వరసలు, ఎండ చుక్క రాదు.

అది ఇంకా నా దగ్గరే ఉంది, వాడట్లేదు. వెడల్పు నాలుగడుగులు, పొడవు ఐదు. కావాలంటే మెసేజ్ పెట్టండి. మీ కిటికీ కాస్త పెద్దదైనా పర్లేదు, అంచులో రెండంగుళాల గుడ్డ మడిచి వదిలాడు నాన్న, విప్పితే పెరుగుతుంది.