మంచు మీద ఆకలి వెయ్యదు బాబూ

చిరంజీవికి,

నీ కథ అందింది. సోంపేట స్టేషన్లో కిట్‌బ్యాగు దింపే ఘట్టం బాగుంది. అక్కణ్ణుంచే నాకు ఒళ్ళు మండింది. "సియాచిన్‌లో నెలల తరబడి ఆకలితో అలమటించిన జవాను అమ్మ కలిపిన ముద్దతో కడుపు నింపుకున్నాడు" అని రాశావు. అక్కడ తిండి లేక అలమటించేదెవరు? 1984 ఏప్రిల్లో మన సైన్యం ఆ మంచు మీదికెక్కిన దగ్గర్నుంచీ హెలికాప్టర్లు మోసేది డబ్బాల తిండీ, కిరసనాయిలూ. చాక్లెట్లుంటాయి, జీడిపప్పుంటుంది. లేనిదల్లా ఆకలే. 18 వేల అడుగులు దాటాక గాలి పలచబడి, తిండి చూస్తేనే వికారం పుడుతుంది. ఒళ్ళేమో చలికీ ఊపిరికీ ఉన్నదంతా ఖర్చు పెట్టేస్తుంది. కొవ్వుతో పాటు కండా కరుగుతుంది.

మా మేనత్త కొడుకుది పలాస. అత్త జీడి ఫ్యాక్టరీలో పప్పు ఒలిచేది. వాడూ జవానే, సియాచిన్ పోస్టు దిగి సెలవుకొచ్చిన రోజున ఆవిడ జీడిపప్పు నేతిలో వేయిస్తే, ఆ వాసనకి పెరట్లోకి పరిగెత్తాడు. పైన పూటపూటా దాన్నే బలవంతాన నమిలాడట. అన్నం మాత్రం పొగలు కక్కుతుండగానే మింగేసేవాడు. అక్కడ తాత్సారం చేస్తే పళ్ళెంలోనే గడ్డకడుతుంది మరి. అత్త మజ్జిగ తెచ్చేలోపు కంచం ఖాళీ. ఆకలి మీదున్నాడనుకుని ఆవిడ మళ్ళీ వడ్డించేది, వాడు వద్దనేవాడు కాదు. "నిండిందో లేదో తెలీట్లేదు బావా" అన్నాడోసారి. రాత్రుళ్ళు లేచి బెల్లం డబ్బా మూత తీసేవాడు. సెలవు అయ్యేసరికి బుగ్గలొచ్చాయి, పొట్టొచ్చింది, తొడలు మాత్రం పీలగానే ఉన్నాయి. కోలుకున్నాడని ఊరంతా సంబరం. యూనిట్‌కి వెళ్తే బరువెక్కువని మెడికల్ కేటగిరీ, అంటే ఆరోగ్యాన్ని బట్టి ఇచ్చే స్థాయి, తగ్గించారు, ప్రమోషన్ ఆగింది.

ఇది నేను కథగా రాస్తే ఓ ఆదివారం అనుబంధం ఎడిటరు బెల్లం డబ్బా కొట్టేసి చివర్లో జెండా ఎగరేశాడు. "జవాను తిండిపోతులా కనిపిస్తున్నాడండీ" అని సంజాయిషీ ఒకటి! పంద్రాగస్టు సంచికలకి జవాను గుండె కావాలి, పొట్ట పనికిరాదు. ఇక ఈ ఒక్క పేజీ కథల మోజు వచ్చాక భోజనానికి వాక్యమే మిగల్లేదు. నేనెప్పుడూ చెప్పేదొకటే. సరిహద్దు నుంచి వచ్చినవాణ్ణి కంచం ముందు కూర్చోబెట్టి చూడు. వాడి కళ్ళలోకి చూస్తూ నువ్వు ఏడవకు.

ఇది మావాడొక్కడి వింత కాదు. 1944–45లో అమెరికాలో, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ అనే ఆయన 36 మంది కుర్రాళ్ళని ఆర్నెల్లపాటు అర్ధాకలితో ఉంచి పరీక్షించాడు. యుద్ధానికి పోమని మొండికేసినవాళ్ళే వాళ్ళంతా, అదో తమాషా. మళ్ళీ తిండి పెట్టాక పీకల్దాకా తిని కూడా ఆకలి తీరలేదన్నారు. కండకన్నా ముందు కొవ్వే తిరిగొచ్చింది. నీ కథలో అమ్మకి ఇవన్నీ తెలియనక్కర్లేదు, నీకు తెలియాలి.

కలం పేరు గురించీ, పోటీల గురించీ అడిగావు. కథ తిరగరాశాక చూద్దాం. అమ్మ ముద్ద తీసెయ్యకు. రెండోదీ మూడోదీ కూడా కలిపించు. వద్దనలేక తింటున్నవాణ్ణి రాయి. ఆ తర్వాత యూనిట్లో ఎంఐ రూము (జవాన్లకి వైద్య పరీక్ష చేసే గది), తూకం మిషను రాయి. నువ్వూ పెట్టిన ఆ జెండా ఘట్టం మొత్తం కొట్టెయ్. ఈసారి పెద్ద అక్షరాలతో, కాగితానికి ఒకవైపే రాసి పంపు. ఏడో పేజీ మడతలో నలిగి నాకసలు కనిపించలేదు.